బతికున్నవాడికి పది గంటలు

పోయిన వారం మా గుమ్మం ముందు నీలం కారు ఆగిన చోట ఆపేశాను. నన్ను తిట్టుకున్నవాళ్ళు ఈపాటికి తిట్టుకునే ఉంటారు. ఏం చెయ్యమంటారు, ఆ కారులోంచి మనిషి దిగడానికే అంతసేపు పట్టింది మరి.

కొత్తగా వింటున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. నా పేరు నెస్టా. మా ఆయన ఎమ్లిన్ ప్రాసర్, ఒకప్పుడు బ్రిటన్ మొత్తానికి ఫెదర్‌వెయిట్, అంటే తేలికబరువు బాక్సర్లలో, ఛాంపియన్. ఈ వేల్స్ లోయల్లో ఆ పేరెత్తితే ముసలాళ్ళు ఇప్పటికీ కూర్చున్న కుర్చీలోంచే ఎడమచేత్తో గాల్లో రెండు గుద్దులు గుద్ది చూపిస్తారు. ఇంట్లో మాత్రం బొగ్గు బకెట్టు నింపమంటే నాలుగుసార్లు చెప్పించుకునే మనిషి. ఈ సంగతి జరిగిన వారం చివర, శనివారం, కార్మికుల హాలు ముందు ఆయన కంచు విగ్రహం నిలబెట్టాలని ఏర్పాటు. గని మూతపడ్డాక ఈ ఊరు దేని గురించైనా సంబరపడటం అదే మొదలు.

ఇంతలో దానికి ముందు శనివారం, అదే హాల్లో కుర్రాళ్ళ పోటీలు మొదలయ్యే ముందు, హవెల్ రీస్ పోయాడని కబురొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట కార్డిఫ్‌లో మా ఆయన ఎవర్ని ఓడించి ఛాంపియన్ బెల్టు గెలిచాడో ఆ హవెల్. బాక్సర్ పోతే మావాళ్ళకో ఆనవాయితీ ఉంది. దీపాలు తగ్గిస్తారు. అందరూ లేచి తలొంచుకుంటారు. రింగు పక్కనున్న గంటని ఆగి ఆగి పదిసార్లు కొడతారు. పడిపోయినవాణ్ణి రిఫరీ పది దాకా లెక్కపెడతాడు కదా, ఇది ఆఖరి లెక్క అన్నమాట. గంట కొట్టేది డిల్విన్, క్లబ్బు కార్యదర్శి. పదో గంట మోగి ఆగిపోయాక మా ఆయన తాళ్ళ మధ్యనుంచి దూరి రింగులోకెక్కి మైకందుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఏ సభలోనూ "చాలా సంతోషం, కూర్చుంటాను" తప్ప మరో మాట అనని మనిషి!

"ఆ బెల్టు నాది కాదు," అన్నాడు. "పద్నాలుగో రౌండులో నేను తాళ్ళ మీద వాలిపోయి ఉన్నాను. కాళ్ళల్లో సత్తువ లేదు. హవెల్ ఇంకొక్కటి వేస్తే అయిపోయేవాణ్ణి. వాడు వెయ్యలేదు. వెనక్కి తగ్గి చేతులు దించాడు. చిన్నప్పటి స్నేహితుడని జాలిపడి నాకు వదిలేశాడు. అది వాడు పెట్టిన భిక్ష."

హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. పేపరువాళ్ళు మర్నాటికల్లా పెద్దక్షరాల్లో వేసేశారు. అదీ కథ. ఇక మంగళవారం సంగతి.

ఆ మంగళవారం పొగమంచు కొండ దిగి మా వీధిలోకొచ్చి కూర్చుంది. ఎదురింటి తలుపు కనబడటంలేదు గానీ దాని ఇత్తడి పిడి మాత్రం గాల్లో వేలాడుతున్నట్టుంది. అలాంటి రోజుల్లో మా లోయలో చప్పుళ్ళు కూడా మెత్తబడిపోతాయి. ఎక్కడో గొర్రె అరిస్తే మన వంటింట్లో అరిచినట్టుంటుంది, పక్కింటివాళ్ళు దగ్గితే మాత్రం ఏ సముద్రానికి అవతలో దగ్గినట్టుంటుంది. నేను పెనం మీద ఎండుద్రాక్ష కేకులు కాలుస్తున్నాను. మా ఆయన పొయ్యి పక్కన కూర్చుని చల్లారిపోయిన టీ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

ఆయన శనివారం నుంచీ ఈ లోకంలో లేడు. తెల్లారుతూనే కొండ మీదికి పోతాడు. కుర్రతనంలో పరిగెత్తిన బాటే అది, ఇప్పుడు నడుస్తాడు. పైన గొర్రెలకాపరుల రాతిగోడ మీద కూర్చుంటాడు. ఏం చేస్తావయ్యా అక్కడ అంటే, "వింటాను" అంటాడు. ఏం వింటావంటే చెప్పడు. బరువు తగ్గడానికి ఎండు రొట్టెముక్క తిని అదే బాట మీద పరిగెత్తిన రోజుల్లో ఆకలికి కొండ మొత్తం కదిలేదట, గడ్డి పాడేదట. ఇప్పుడు కడుపు నిండాక ఏదీ పాడటంలేదని ఆయన బాధ.

"నెస్టా, గెలిచొచ్చిన రోజు స్టేషన్నుంచి ఇంటిదాకా నన్ను భుజాల మీద మోశారు, గుర్తుందా?" అన్నాడు ఉన్నట్టుండి.

"గుర్తులేకేం. నీ బూటొకటి పోయింది. కొత్త బూటు."

"పైనుంచి చూస్తే అన్నీ టోపీలే. ఒక్క మొహం కనబళ్ళేదు. అదిగో, అప్పట్నుంచీ అంతే. కనబడ్డవాడల్లా నాకు చెయ్యిచ్చాడు, భుజం తట్టాడు, బీరు పోయించాడు. ఒక్కడి మొహమూ గుర్తులేదు. టోపీలు గుర్తున్నాయి."

"మరి నా మొహం?"

"నువ్వు గుమ్మంలో నిలబడి నా కాలికేసి చూస్తున్నావు. బూటేదీ అన్నావు." నవ్వాడు. నవ్వితే పక్కకి వంగిన ముక్కు ఇంకా వంగుతుంది. "కుర్రాడిగా ఉన్నప్పుడు ఎదగడమంటే ఎక్కడం అనుకున్నానే. ఎక్కించేవాళ్ళు చాలామందే దొరికారు. ఎలా దిగాలో మాత్రం ఎవ్వరూ నేర్పలేదు. ఇప్పుడు ఆ విగ్రహం కూడా లేపితే ఇంకేం దిగుతాను?"

"ముందా కుర్చీలోంచి దిగి బొగ్గు తీసుకురా," అన్నాను. ఆయన మాటలు వింటే నాకు గుండె బరువెక్కుతుంది. బరువెక్కినప్పుడల్లా నేనిలాగే కసురుతాను. ఆయనకి తెలుసులెండి.

అప్పుడే కారాగింది.

కిటికీలోంచి చూశాను. ముందు ఒక బొద్దావిడ దిగి, చుట్టూ తిరిగొచ్చి అవతలి తలుపు తీసింది. ఆ తలుపులోంచి ముందు తెల్లకర్ర బయటికొచ్చింది. తర్వాత మెరిసేలా పాలిష్ చేసిన నల్లబూటు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆ తర్వాత పొడుగాటి మనిషొకడు, చక్కగా టై కట్టుకుని, మంచులోకి తలెత్తి వాసన చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"కేకులు కాలుస్తున్నారే, మెన్నా," అన్నాడు. "ఇల్లు మారలేదన్నమాట."

ఆ గొంతు వినగానే నా చేతిలోంచి అట్లకాడ జారిపోయింది. ఆ గొంతు మా నాన్న గ్విలిమ్ జిమ్ములో పదేళ్ళు విన్నాను. మా వంటింట్లో ఇదే బల్ల దగ్గర కూర్చుని ఇవే కేకులు మా ఆయనతో పోటీపడి మింగిన గొంతది.

తలుపు తీసింది మా ఆయనే. తీసి ఆ తలుపే పట్టుకుని ఉండిపోయాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నేనూ వెనక నిలబడి దేవుడా దేవుడా అనుకోవడం తప్ప ఇంకేం చెయ్యలేకపోయాను.

"ఏరా ఎమ్లిన్, నిలబెట్టే మాట్లాడతావా?" అన్నాడు హవెల్. "దెయ్యాలు టీ తాగవు కాబట్టి నేను దెయ్యాన్ని కాను. రెండు చెంచాల చక్కెర."

లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. వాళ్ళ చెల్లెలు మెన్నా కోటు కూడా విప్పకుండా అంచు మీద కూర్చుంది, కొట్లాటకి వచ్చినవాళ్ళు కూర్చున్నట్టు. హవెల్ మాత్రం చేత్తో బల్ల అంచు తడుముతూ, "ఇదిగో, ఇక్కడ కత్తితో నా పేరు చెక్కాను నెస్టా, మీ అమ్మ చీపురు తిరగేసింది," అన్నాడు. నిజమే, ఆ గీతలింకా ఉన్నాయి.

"నాకు గంటలు కొట్టారటగా?" అన్నాడు టీ అందుకుంటూ. "బాగా మోగాయా?"

"బాగానే మోగాయి," అన్నాను.

"జనం?"

"హాలు నిండా ఉన్నారు. అందరూ లేచారు."

"టోపీలు తీశారా?"

"తీశారు."

"అయితే పర్లేదు," అన్నాడు తృప్తిగా. మెన్నా ఇక ఊరుకోలేకపోయింది.

"ఏం పర్లేదన్నయ్యా! బతికున్న మనిషికి చావుగంటలు కొడతారా ఎక్కడైనా? పోయింది తపాలా హవెల్! ఈయన రొట్టె హవెల్! ఆ డిల్విన్‌గాడికి ఫోనులో హవెల్ రీస్ పోయాడంటే, ఏ హవెల్ రీస్ అని అడగాలని తెలీదూ? పుట్టింది ఈ లోయలో కాదూ?"

ఆవిడ కోపంలో న్యాయముంది. మా లోయలో మనుషులకి కరువు లేదు గానీ పేర్లకి కరువే. ఒక్క చర్చిలో ఆరుగురు హవెల్ రీసులు కూర్చుంటారు. అందుకే పనిని బట్టో, ఇంటిని బట్టో ఇంకో పేరు తగిలిస్తాం. ఈ హవెల్ వాళ్ళ నాన్నకి రొట్టెల కొట్టుండేది. ఆ పోయిన హవెల్ ఉత్తరాలు పంచేవాడు, సైన్యంలో ఉన్నప్పుడు ఆయనా కొంచెం బాక్సింగ్ చేశాడట. "మన బాక్సర్ హవెల్ రీస్" అనేసరికి డిల్విన్ ఇంకేమీ ఆలోచించకుండా గంట దగ్గరికి పరిగెత్తాడు. పైగా మా హవెల్ ఆ పోటీ అయిన వారానికే ఊరొదిలి పోయాడు. ఆస్ట్రేలియా పోయాడన్నారు, ఓడెక్కాడన్నారు. ఎవరికీ చిరునామా ఇవ్వలేదు. అలా కనబడకుండా పోయినవాణ్ణి చంపెయ్యడం ఎంతసేపు!

"ఎక్కడున్నావురా ఇన్నాళ్ళూ?" అన్నాడు మా ఆయన. హవెల్ లోపలికొచ్చాక ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"బారీలో. సముద్రం ఒడ్డున. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని. ఇక్కణ్ణుంచి గంటన్నర దారి." హవెల్ ఆ గొంతుకేసి తిరిగాడు. "కళ్ళు లేనివాళ్ళకి ఆ పని బాగా అబ్బుతుందని నేర్పారు. ఎడమది ఆ రాత్రే పోయింది. కుడిది కొన్నాళ్ళు నాతో ఉండి, మెల్లిగా అదీ దాని దారే పట్టింది. నేను చివరిసారి తేటగా చూసింది ఎవర్నో తెలుసా? నిన్నే. నా లెక్కలో నీకింకా ముసలితనం రాలేదురా. జుట్టంతా నల్లగా, పెదవి చిట్లి, పళ్ళ మధ్య ఆ రబ్బరుముక్క పెట్టుకుని నామీదికొస్తూ ఉంటావు. రోజూ నిద్దర్లో వస్తావు. ఒక్కసారి కూడా కొట్టవు. వస్తూనే ఉంటావు."

పొయ్యిలో బొగ్గు సర్దుకుంది. ఆ నిమిషంలో వాళ్ళిద్దర్నీ చూస్తే, పాతికేళ్ళ కుర్రాళ్ళిద్దరు ముసలివాళ్ళ బట్టలేసుకుని కూర్చున్నట్టనిపించింది నాకు. అలాగే ఉండిపోతే బావుండుననిపించింది. కేకులు తినేసి, పాత మాటలు చెప్పుకుని, కారెక్కి వెళ్ళిపోతే ఎంత బావుండేది.

హవెల్ కప్పు కింద పెట్టాడు.

"టీ అయింది. ఇక వచ్చిన పని. ఎమ్లిన్, నేను నీకు భిక్ష పెట్టానా?"

మా ఆయన చల్లారిన టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"పేపర్లో వచ్చింది మా చెల్లెలు చదివి వినిపించింది. రెండుసార్లు చదవమన్నాను. పద్నాలుగో రౌండులో జాలిపడి వదిలేశానట. ఎవరితో చెప్పి వేయించావురా అది? నిన్న పనికెళ్తే పక్క సీటువాడు, ఏం రీస్, కావాలని ఓడిపోయావటగా అన్నాడు. వాడికి నేను బాక్సర్‌నని కూడా నిన్నే తెలిసింది. తెలియగానే దొంగాట ఆడినవాణ్ణని తెలిసింది."

"నిన్ను గొప్ప చేద్దామనే అన్నాడు హవెల్," అన్నాను నేను. "హాలంతా ఏడ్చింది."

"ఏడవరూ మరి! చచ్చినవాడు మంచివాడైతే అందరికీ ఏడుపే." అతని గొంతు పెరిగింది. "నేను మంచివాణ్ణని ఎవడు చెప్పాడు? ఆ రాత్రి నిన్ను చంపెయ్యాలన్నంత కసిగా కొట్టానురా నేను. ఆ బెల్టు నాక్కావాలి. అమ్మకి చూపించాలి. నా దగ్గరున్నదంతా పెట్టి కొట్లాడాను, పెట్టినా ఓడిపోయాను. కళ్ళు పోయాయి, పెళ్ళి అవలేదు, ఊరు పోయింది. ఒక్కటే మిగిలింది, నిజంగా కొట్లాడి ఓడిపోయాను అనేది. పొద్దున్నే లేచి గడ్డం గీసుకునేటప్పుడు అదొక్కటే నాకు తోడు. దాన్ని కూడా నువ్వు మైకు పట్టుకుని ఊరందరికీ పంచిపెట్టేశావు!"

మెన్నా ఏడుస్తోంది. మంచి మాటనుకున్నది ఒక మనిషిని ఇంతగా పొడిచేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"శనివారం నీ విగ్రహం లేపుతున్నారటగా," అన్నాడు హవెల్ కాస్త తగ్గి. "అంతకుముందే అదే రింగులో, అదే మైకు పట్టుకుని చెప్పాలి నువ్వు. హవెల్ రీస్ నాకేమీ ఇవ్వలేదు, వాణ్ణి నేనే కొట్టి గెలిచాను అని. నేనొచ్చి ముందు వరసలో కూర్చుంటాను. నా చెవులతో వినాలి. విన్నాకే నీ బొమ్మ లేవాలి."

"చెప్తాడులే," అన్నాను వెంటనే. "చెప్పవూ?"

మా ఆయన కిటికీకేసి చూస్తున్నాడు. కిటికీలో మంచు తప్ప ఏమీ లేదు.

"అయితే హవెల్," అన్నాను, "మరెందుకు తగ్గావు వెనక్కి? నేను కళ్ళారా చూశాను. మూడో వరసలో ఉన్నాను. ఈయన తాళ్ళ మీద వాలిపోయాడు. నువ్వు చేతులు దించి నిలబడిపోయావు. రిఫరీ కూడా నీకేసి వింతగా చూశాడు."

అడిగింది నేను. ఆ ప్రశ్న మా ఆయన అడగాలి. ఆ బెల్టు భిక్షేనని ఊరందరి ముందూ చెప్పుకున్న మనిషి ఆ నిమిషంలో నోరు మెదపలేదు. అదేమిటని నాకప్పుడు తట్టలేదు.

"కనబళ్ళేదు తల్లీ," అన్నాడు హవెల్.

"ఏమిటీ?"

"వీడు కనబళ్ళేదు. ఎడమకన్ను ఆ ఏడు వేసవి నుంచే సరిగ్గా లేదు. ముక్కు పక్కనుంచి నల్లగుడ్డ కట్టినట్టుండేది. ఆ రాత్రి పద్నాలుగులో కుడికన్ను కూడా వాచి మూసుకుపోయింది. వీడు నా ఎడమవైపు తాళ్ళ మీద పడ్డాడు. నాకు మనిషి మాయమైపోయాడు! ఎక్కడున్నాడో తెలీదు. జనం అరుస్తున్నారు, ఏ పక్కనుంచి అరుస్తున్నారో తెలీదు. గాల్లోకి కొడితే కన్ను పోయిందని తెలిసిపోతుందని భయం. అందుకని చేతులు దించి నిలబడ్డాను, రా అన్నట్టు. జాలీ లేదు, గీలీ లేదు. గుడ్డివాడు దారి కోసం చూస్తున్నాడంతే."

ముప్పై ఏళ్ళు ఆ ఘట్టాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నాం ఈ ఊళ్ళో!

"మరి డాక్టరు ఎలా ఒప్పుకున్నాడు?"

హవెల్ నవ్వాడు. "పొద్దున బరువు తూచే చోట చూశాడుగా. గోడ మీద అక్షరాల అట్ట. ముందు ఎడమకన్ను మూసుకుని చదవమన్నాడు, కుడికంటితో మొత్తం చదివేశాను. చదువుతూనే కంఠతా పట్టాను. కుడికన్ను మూసుకోమన్నప్పుడు అదే గడగడా అప్పజెప్పాను. బళ్ళో ఎక్కాలు కూడా అంత బాగా చెప్పలేదు."

నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత అతను అన్నది నేను ఈ జన్మలో మర్చిపోలేను.

"కానీ ఒకడికి తెలుసు నెస్టా. వీణ్ణి లోకమంతా ఎడమచేతి ఎమ్లిన్ అంటుంది. బెల్టు దాకా వచ్చింది ఆ ఎడమచేత్తోనే. ఆ రాత్రి సగం ఆట అయ్యేసరికి ఎడమచెయ్యి మానేశాడు. ఒకటే కుడిచెయ్యి. నాకు కనబడని పక్కనుంచి, మళ్ళీ మళ్ళీ, ఒకే చోట. ఎవరో చెప్పకపోతే అలా మార్చడు. రౌండుకీ రౌండుకీ మధ్య వీడి మూలలో కూర్చుని చెవిలో చెప్పేది ఎవరు? మీ నాన్న. నన్ను పెంచినవాడు కూడా ఆయనే. నా తల ఎటు తిరిగినా ఎందుకు తిరిగిందో ఆయనకి తెలుసు. కన్ను పోయిందని కనిపెట్టి, అక్కడే కొట్టమన్నాడు. గ్విలిమ్ పోయాడని తెలిసినప్పుడు నేను పువ్వు కూడా పంపలేదు. అందుకే."

"నోరు మూసుకో హవెల్!" అని అరిచాను. అరిచింది నేనేనా అనిపించింది. "ఎవర్ని పట్టుకుని ఏమంటున్నావ్? మా నాన్నా? సాధన చేసేటప్పుడు ఎవడి ముక్కులోంచి నెత్తురు కారినా ఆట ఆపేసి తువ్వాలు తడిపి తెచ్చేవాడు! నువ్వెళ్ళిపోయాక నీకోసం ఊరూరా వెతికాడు. పోయేముందు కూడా, హవెల్‌గాడు ఎక్కడున్నాడో అన్నాడు. అలాంటి మనిషి గుడ్డికన్ను మీద కొట్టమంటాడా?"

"నేనూ ముప్పై ఏళ్ళుగా నన్ను నేను అదే అడుగుతున్నాను," అన్నాడు హవెల్ నెమ్మదిగా. "ఇంకెవరున్నారు చెప్పు, ఆ మూలలో?"

"మా అన్నయ్య అబద్ధమాడడు," అంది మెన్నా.

"మా నాన్న కూడా ఆడడు!"

పొయ్యి పైన గోడకి మా నాన్న ఫొటో ఉంది. చేతిలో బకెట్టు, భుజాన తువ్వాలు. నేను మా ఆయన కుర్చీ ముందుకెళ్ళి నిలబడ్డాను. "నువ్వు చెప్పు. ఆ మూలలో కూర్చుంది నువ్వూ ఆయనానే. మా నాన్న నీకేం చెప్పాడో ఇప్పుడే, ఇక్కడే, ఆయన ఫొటో ముందు చెప్పు."

ఆయన నాకేసి తలెత్తాడు. నలభై ఏళ్ళుగా చూస్తున్న కళ్ళే. వాటిలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. బెల్టు కోసం రింగులోకి ఎక్కేటప్పుడు కూడా లేదు.

"ఎడమచెయ్యే వాడమన్నాడు," అన్నాడు. "రౌండు అయిన ప్రతిసారీ అదే చెప్పాడు. కుడి ఎందుకు వేస్తున్నావురా వెధవా అని తిట్టాడు కూడా. నేను వినలేదు. మీ నాన్నకేమీ తెలీదు నెస్టా."

ఆ మాటతో మా నాన్న నాకు దక్కాడు. కానీ ప్రాణం లేచొచ్చినట్టు లేదు. ఎక్కడో నిలువునా జారిపోతున్నట్టుంది.

"బరువు తూచే చోట నీ వెనకే నిలబడ్డాను హవెల్," అన్నాడు మా ఆయన. నిద్దర్లో మాట్లాడుతున్నట్టు, మెల్లిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ. "నీ వంతు తర్వాత నాది. నువ్వు కుడికన్ను చేత్తో మూసుకున్నావు. డాక్టరు తలొంచుకుని రాసుకుంటున్నాడు. నువ్వు పైనుంచి కిందిదాకా ఒక్క అక్షరం తప్పకుండా చదివేశావు. అప్పుడు ఆ అట్ట ఎవరికీ కనబడటంలేదురా. నువ్వు ఎడమకన్ను మూసుకున్నప్పుడు లేని కోటొకటి దానిమీద వేలాడుతోంది."

మెన్నా ఏడుపాపేసింది. హవెల్ కదల్లేదు. కళ్ళు లేనివాళ్ళు వినడానికి ఇంతగా ఆగుతారని నాకు తెలీదు. వీధిలో మంచు, లోపల మేం నలుగురం. అంతకు మించి ఈ లోకంలో ఇంకేమీ మిగల్లేదనిపించింది.

"అంటే నువ్వు శనివారం చెప్పింది," అన్నాడు హవెల్, "ఆ జాలీ, ఆ భిక్షా..."

"నువ్వు పోయావనుకున్నాను. ఏదో ఒకటి ఒప్పేసుకోవాలనిపించింది. అసలుది నోట్లోంచి రాలేదు. దాని బదులు అది వచ్చింది."

హవెల్ తెల్లకర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. ముందుకి వంగి, ఏదో చిన్న విషయం అడిగినట్టు అడిగాడు.

"బరువు తూచే గది వెచ్చగా ఉంది కదురా. గోడకంతా కొక్కేలు ఉన్నాయి. అట్ట మీదే ఎందుకు తగిలించారు? ఎవరిదా కోటు?"

"నాది," అన్నాడు మా ఆయన.